వీసీఆర్‌కు కొత్త టీవీలో బొమ్మ రాకపోతే

పాత పెళ్లి క్యాసెట్ చూద్దామని వీసీఆర్‌ను (వీడియో క్యాసెట్లు ఆడించే పెట్టెను) కొత్త టీవీకి కలిపితే బొమ్మ రాక, రొద మాత్రమే వస్తోందని అడిగారు. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే వీసీఆర్ బాగానే ఉన్నట్టుంది. స్పీకర్లలో గుయ్యిమనే రొద వస్తూ తెర నల్లగా ఉందంటే అనుమానం ముందుగా ఆ రెంటినీ కలిపే చిన్న తీగ మీదికే పోతుంది. చాలా కొత్త టీవీల్లో పసుపు (బొమ్మకు), తెలుపు, ఎరుపు (ధ్వనికి) సాకెట్లు మూడింటికీ కలిపి 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటే ఇస్తున్నారు. దానికి వాడే పిన్ను మీద మూడు నల్లటి గీతలుంటాయి, అంటే నాలుగు భాగాలు. ఏ భాగంలో బొమ్మ, ఏ భాగంలో ధ్వని అన్నది అన్ని తీగల్లోనూ ఒకేలా ఉండదు. హ్యాండీక్యామ్‌తో (చేతిలో పట్టుకునే వీడియో కెమెరాతో) వచ్చిన తీగ చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, అక్కడే మోసపోతాం. నేనూ ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

కొత్త తీగ కొనేముందు ఒకటి చేయండి. వీసీఆర్ వెనక అవుట్ అని ఉన్న పసుపు సాకెట్లో పసుపు పిన్ను తీసి ఎరుపుది పెట్టండి. టీవీ ఇన్‌పుట్‌లలో ఏవీ (ఈ తీగతో వచ్చే బొమ్మ, ధ్వని) ఎంచుకుని క్యాసెట్ తిప్పండి. చాలాసార్లు బొమ్మ వచ్చేస్తుంది; రాకపోతే మీ టీవీ మోడల్‌కు సరిపడే తీగే కొనాలి. ఆ తీగకు బదులు హెచ్‌డీఎంఐ (కొత్త టీవీల్లో బొమ్మ, ధ్వని రెండూ తీసుకునే డిజిటల్ సాకెట్) కన్వర్టర్ కొంటే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేదే అడగండి, ఎదురుది పనిచేయదు.

అన్నట్టు, పెళ్లి క్యాసెట్ అన్నారు కదా. క్యాసెట్ మీద ఉండే చిన్న కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడండి. తెల్లటి బూజు కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టకండి, టేపును చదివే హెడ్డు పాడవుతుంది.