బొమ్మ గీయడానికి రాని నియమం పిల్లలకు పెట్టకండి

"కొత్తగా ఒకటి, రెండు తరగతులకు టీచర్‌గా చేరాను, పిల్లలతో కలిసి బొమ్మలతో తరగతి నియమాలు తయారు చేయించమని ట్రైనింగ్‌లో చెప్పారు, ఆరేడేళ్ళ పిల్లలకు ఇది నిజంగా ఎక్కుతుందా లేక గోడకు చార్టు తగిలించడానికేనా" అని అడిగారు మీరు. ఎక్కుతుంది. మనం అనుకునే దానికంటే బాగా ఎక్కుతుంది. కాకపోతే బొమ్మ పిల్లలే గీయాలి, బొమ్మగా గీయడానికి వీల్లేని నియమం అసలు పెట్టనే కూడదు. ఈ రెండో ముక్క ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు, అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

నేను తెలంగాణలో ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని, అంటే చిన్న తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. అరవై మంది లోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లన్నది విద్యా హక్కు చట్టం లెక్క కదా, దాంతో ఒకటి, రెండు తరగతులు కలిపి ఒకే గదిలో నా దగ్గర, మిగతా మూడూ పక్క గదిలో సార్ దగ్గర. జూన్‌లో పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట అయ్యాక వచ్చే ఒకటో తరగతి పిల్లల్లో కొందరు ఇంకా అమ్మ కోసం ఏడుస్తూనే ఉంటారు. వాళ్ళ పక్కనే రెండో తరగతి వాళ్ళు, ఏడాది బడి చూసేశాం కాబట్టి మేమే పెద్దమనుషులం అన్నట్టు కూర్చుంటారు.

ఆ గదిలో నేను రాకముందు నుంచీ నియమాల ఫ్లెక్సీ ఒకటుండేది. క్రమశిక్షణతో మెలగవలెను, నిశ్శబ్దము పాటించవలెను, పెద్దలను గౌరవించవలెను, ఇలా పది. పక్కన ఇంటర్నెట్ నుంచి దింపిన పిల్లల బొమ్మలు, టైలు కట్టుకుని, బంగారు రంగు జుట్టుతో. అదీ బ్లాక్‌బోర్డు పైన, పెద్దవాళ్ళు తలెత్తితే గానీ కనపడనంత ఎత్తులో. చదవడమే రాని పిల్లలకు రాతలో నియమాలు ఎందుకు చెప్పండి? రెండో తరగతికొచ్చినా గుణింతాలు దాటని పిల్లలు ఉన్నారనే కదా మన రాష్ట్రంలో 2022లో చదవడం, లెక్కలు చేయడం నేర్పే తొలిమెట్టు కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ ఫ్లెక్సీ పిల్లల కోసం కట్టింది కాదు, తనిఖీకి వచ్చేవాళ్ళ కోసం కట్టింది. ప్రైవేటు బడుల డైరీల్లో ఇంగ్లీషులో ఇరవై రూల్స్ అచ్చువేసి తల్లిదండ్రుల చేత సంతకం పెట్టిస్తారు చూడండి, అదీ ఇదే కోవ. ఆ పేజీ పిల్లవాడికి ఎవరూ చదివి చెప్పరు.

సరే, మేం నియమాలు తయారు చేసుకున్న రోజు ఏం జరిగిందో చెప్తాను. "మనకు ఏ నియమాలు కావాలి?" అని నేను అడగలేదు. అలా అడిగితే ఆ వయసు పిల్లలు అంగన్‌వాడీలో, ఇంట్లో విన్నవే చిలక పలుకుల్లా అప్పజెప్తారు. కింద గుండ్రంగా కూర్చోబెట్టి "బడిలో మీకు ఏది మంచిగ అనిపిస్తలేదు?" అని అడిగాను. అంతే, గది గదంతా లేచింది. "టీచర్, గీడు నా పెన్సిల్ తీసుకుంటడు, మళ్ళ ఇస్తలేడు." "ఐదో తరగతోళ్ళు నల్లా కాడ నూకుతున్నరు." "ఈమె నన్ను గిచ్చింది." ఒక చిన్నపిల్ల నా దగ్గరికొచ్చి చెవిలో, ఒంటికి పోవాలంటే అడగడానికి భయమైతుందని చెప్పింది. నియమం అంటే ఏమిటో పాఠం చెప్పాల్సిన పనే రాలేదు. బాధలన్నీ చెప్పాక "మరి ఏం చేద్దాం?" అంటే జవాబులు వాళ్ళ దగ్గరే ఉన్నాయి.

పాత క్యాలెండర్లు చింపి, వెనక తెల్లగా ఉన్న వైపు ముగ్గురికొకటి ఇచ్చాను, క్రేయాన్లు మధ్యలో పోశాను. ఒక గుంపు "అల్లరి చేయొద్దు" తీసుకుంది. ఎంత అందంగా గీశారో! ఒకడు బల్ల మీద ఎగురుతున్నాడు, ఇంకొకడి చేతిలోంచి చాక్‌పీసు గాల్లోకి పోతోంది, ఒక అమ్మాయి జడ మరొకడు లాగుతున్నాడు. చివర్లో మీద ఎర్రగా అడ్డగీతలు కొట్టారు. మిగతా పిల్లలంతా ఆ బొమ్మ చుట్టూ మూగి పడీపడీ నవ్వారు, ఆ తర్వాత ఐదు నిమిషాల్లో నలుగురు నిజంగానే బల్ల ఎక్కారు. అడ్డగీతను ఆ వయసు పిల్లలు లెక్కచేయరు, బొమ్మలో ఏం జరుగుతోందో అదే వాళ్ళకు కనిపిస్తుంది. అందుకే "చేయకూడదు" అనే బొమ్మలు నా గదిలో గోడకెక్కవు. చేయాల్సింది ఏమిటో అదే గీయాలి.

"నిశ్శబ్దం" పడిన పిల్ల అయితే క్రేయాన్ పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. రెండో తరగతి, మామూలుగా అందరికంటే ముందు పని ముగించే పిల్ల. చివరికి లేచి వచ్చి "టీచర్, సప్పుడు చేయకుండ ఉండుడు ఎట్ల గీయాలె?" అంది. చూడండి, ఎంత సరైన ప్రశ్నో! మనం రోజుకు వందసార్లు "సైలెన్స్" అని అరుస్తాం, అది ఎలా ఉంటుందో ఎవ్వరం చూపించం. "సప్పుడు చేయకుండా ఉన్నప్పుడు నువ్వేం చేస్తుంటావ్ రా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి "ఒకలు మాట్లాడుతుంటే వింట" అంది. వెళ్ళి గీసింది: మధ్యలో ఒక మనిషి, ముఖమంతా నోరే. చుట్టూ ముగ్గురు, తలకంటే పెద్ద చెవులు. చేతులు వేయడం కూడా మర్చిపోయింది, చెవులు మాత్రం కాగితం అంచు దాకా వచ్చాయి. ఆ బొమ్మను నేను ఒక్క మాట కూడా విడమర్చి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు గోల పెరిగితే నేను అరవను, చెవుల బొమ్మ దగ్గరికెళ్ళి నిలబడతాను. పిల్లలు చూసి తమ చెవులు పట్టుకుంటారు, గుంజీలకు కాదు, వినడానికి.

క్రమశిక్షణ గీయమంటే ఎవరూ గీయలేరు, మీరు గీయలేరు, నేను గీయలేను. బొమ్మ గీయలేకపోతున్నామంటే ఆ మాటకు పిల్లవాడు చేయగలిగే పని ఏదీ లేదన్నమాట. అలాంటి మాట పట్టుకుని పిల్లలను తిట్టడం అన్యాయం.

ఇక నల్లా సంగతి. మా బడిలో ట్యాంకుకు నల్లాలు రెండే. మధ్యాహ్న భోజనం అయ్యాక ఐదు తరగతుల పిల్లలూ తలెలు (కంచాలు) పట్టుకుని ఒక్కసారే అక్కడికి పోతారు. పెద్దపిల్లలు నూకితే చిన్నవాళ్ళు బురదలో పడటం, ఏడవటం, తడిసిన యూనిఫారంతో మధ్యాహ్నమంతా వణకటం. "నూకొద్దు" అని పిల్లలన్నారు. అది గీస్తే మళ్ళీ నూకుతున్న బొమ్మే అవుతుంది కదా, అందుకని మరేం చేయాలని అడిగాను. లైన్ కట్టాలన్నారు. లైన్‌లో ముందెవరు? ఇక్కడ మొదలైంది అసలు పంచాయితీ. "మాకు తలె కడుగుడు సక్కగ రాదు, లేటయితది, మేమే ముందు" అని ఒకటో తరగతి వాళ్ళు. "మీరు లేట్ చేస్తే మాకు ఆడుకునే టైం పోతది" అని రెండో తరగతి వాళ్ళు. నేను మధ్యలో తీర్పు చెప్పకుండా నోరు కట్టుకుని కూర్చున్నాను, అది ఎంత కష్టమో టీచర్లకే తెలుస్తుంది. చివరికి వెనక నుంచి ఒకటో తరగతి పిల్ల "రెండు నల్లాలున్నయి గదా, ఒకటి చిన్నోళ్ళకు, ఒకటి పెద్దోళ్ళకు" అంది. అంతే. ఆ ట్యాంకు కట్టినప్పటి నుంచి అక్కడ పిల్లల్ని అదిలిస్తూ నిలబడ్డ పెద్దవాళ్ళం ఒక్కరికీ ఆ మాట తట్టలేదు. బొమ్మలో ఒక నల్లా కింద చిన్న తలె, ఇంకో నల్లా కింద పెద్ద తలె గీశారు.

మర్నాడు ఆ బొమ్మ తీసుకెళ్ళి ట్యాంకు దగ్గర చూపిస్తే ఐదో తరగతి వాళ్ళు ఒప్పుకోలేదు. "మమ్ములనెవరు అడిగిన్రు?" అన్నారు. నిజమే కదా, వాళ్ళు అన్నదాంట్లో తప్పేముంది? సార్‌తో మాట్లాడి వాళ్ళనూ కూర్చోబెట్టాం. వాళ్ళకూ ఒక బాధ ఉంది: చిన్నోళ్ళు నల్లా తిప్పి నీళ్ళతో ఆడుకుంటారు, ట్యాంకు ఖాళీ అయిపోతుంది, ఆఖర్న వచ్చినవాళ్ళకు నీళ్ళుండవు. దాంతో బొమ్మలో ఇంకో ముక్క చేరింది, తలె కడిగాక నల్లా కట్టేస్తున్న చెయ్యి. అది ఐదో తరగతి పిల్లవాడు గీశాడు. తమ చెయ్యి పడ్డాక పెద్దపిల్లలే ఆ నియమానికి కాపలా కాశారు. ఒక నియమం ఎవరెవరికి వర్తిస్తుందో వాళ్ళందరినీ కూర్చోబెట్టాల్సిందే, సగం మందిని వదిలేస్తే అది నిలబడదు.

మా మండలంలో ఇటుక బట్టీలున్నాయి. సంక్రాంతి దాటాక ఒడిశా నుంచి పనికొచ్చినవాళ్ళ పిల్లలు ఒకరిద్దరు మా బడికి వస్తారు, వాళ్ళకు తెలుగు రాదు. అలా వచ్చిన ఒక పిల్లవాణ్ణి మా వాళ్ళు చెయ్యి పట్టుకుని గోడ పొడుగునా తిప్పి ఒక్కో బొమ్మా చూపించారు, ముందు చెవులు పట్టుకుని, తర్వాత నల్లా వైపు వేలు పెట్టి. నాలుగో రోజు ఆ పిల్లవాడు తనంతట తానే కాగితం అడిగి రెండు చెప్పుల జతలు గీశాడు, గోడవారగా, పక్కపక్కనే. గుమ్మం దగ్గర చెప్పులు కుప్పగా పడి ఉంటే తన జత పోతుందని వాడి భయం. మిగతావాళ్ళు దాన్ని తీసుకొచ్చి గోడకు పెట్టమన్నారు. తెలుగులో ఒక్క మాట రాని పిల్లవాడు తరగతికి నియమం పెట్టాడు. రాతలో ఉంటే ఇది జరిగేదా?

శిక్షల గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మీ తరగతిలోనూ ఈ ఘట్టం వస్తుంది. నియమం అయిపోగానే పిల్లలు "తప్పినోన్ని కొట్టాలె", "గోడకుర్చీ ఏయించాలె" అంటారు. అవి వాళ్ళ సొంత ఆలోచనలు కావు, ఇంట్లో విన్నవి. మన తరం కోదండం, తొడపాశం చూసిన తరం, ఇప్పుడు తల్లిదండ్రులమయ్యాం. "రెండు కండ్లు ఇడిసిపెట్టి ఏడన్న కొట్టు టీచర్" అని ఇప్పటికీ బడికొచ్చి చెప్పే నాన్నలున్నారు. 2010 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడానికి క్లాస్ లీడర్‌ను పెట్టడం నా దృష్టిలో ఆ వేధింపు కిందికే వస్తుంది, ఆరేళ్ళ పిల్లను పోలీసును చేయడం ఏమిటి? నేను బొమ్మల్లో శిక్ష గీయనివ్వను. బదులుగా "ఎట్ల సరిచేస్తరు?" అని అడుగుతాను. పెన్సిల్ తీసుకుంటే తిరిగివ్వడం, నూకితే లేపడం. ఇవి గీయడానికి వస్తాయి.

ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు గోడ చూసి "చార్టులు నీట్‌గా లేవు, ప్రింట్ చేయించండి" అన్నారు. నాకు చాలా బాధేసింది. ఆ చెవుల బొమ్మ నీట్‌గా ఉండాల్సిన పనేముంది? పిల్లలకు సంబంధించిన విషయాల్లో వాళ్ళ అభిప్రాయం వినాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణంలోనే ఉంది, 1992లో మన దేశమూ దాన్ని ఒప్పుకుంది. వినడమంటే వాళ్ళు గీసినదాన్ని గోడ మీద ఉండనివ్వడం కూడా. పొద్దున్నే ముఖం ఫోటోల హాజరు, ఆ తర్వాత మరో యాప్, మధ్యలో వాట్సాప్‌లో అర్జెంటుగా పంపాల్సిన ఫోటోలు, ఇవన్నీ చేయడానికి టైం దొరికే వ్యవస్థలో పిల్లలతో ఒక పూట కూర్చుని మాట్లాడటానికి టైం లేదంటే నేను ఒప్పుకోను. ఆ పూట పోయిందని సిలబస్ ఆగదు, ఆ తర్వాత ఏడాది పొడుగునా అరుపులకు పోయే టైం మిగులుతుంది.

మీరు మొదలుపెట్టేటప్పుడు నాలుగైదు నియమాలకు మించనివ్వకండి, ఆ పైన ఎవరికీ గుర్తుండవు. బొమ్మ పిల్లల కళ్ళ ఎత్తులో ఉండాలి, వేలు పెట్టి చూపించుకునేంత కిందికి. మైదా లైతో అంటిస్తే చీమలు పడతాయి, వానాకాలం గోడ చెమ్మకు సెల్లోటేప్ ఊడిపోతుంది, గోడకు అడ్డంగా దారం కట్టి బట్టల క్లిప్పులతో తగిలించండి, మార్చడానికీ వీలుగా ఉంటుంది. మార్చడం తప్పదు. బతుకమ్మ, దసరా సెలవులయ్యాక పిల్లలు అన్నీ మరిచిపోయి వస్తారు, అప్పుడు మళ్ళీ గుండ్రంగా కూర్చోబెట్టి ఏది పనిచేస్తోంది, ఏది అక్కర్లేదు అని అడగండి. పోయినసారి మా వాళ్ళు పెన్సిల్ బొమ్మ తీసేయమన్నారు, ఎందుకంటే అప్పటికి ఎవరూ ఎవరి పెన్సిలూ దాచుకోవడం లేదు. దాని స్థానంలో పెన్సిల్ చెక్కాక ఆ పొట్టు చెత్త డబ్బాలో వేసే బొమ్మ వచ్చింది.