పొదుగు నిండినా గేదె ఇంకా ఈనలేదు, నొప్పుల సూది వేయించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కృష్ణా జిల్లా. మా ముర్రా గేదెకు ఇది రెండో ఈత. సెమన్ వేయించి ఈ రోజుకు 301 రోజులు. పది రోజులుగా పొదుగు చేస్తోంది, మానం వాచింది, నిన్నటి నుంచి మానం నుంచి జిగురు తీగలు పడుతున్నాయి. తొమ్మిది నెలల పది రోజులు ఎప్పుడో దాటిపోయాయి, లోపల ఏదో తేడా ఉంది, నొప్పుల సూది వేయించమని ఊళ్లో అంటున్నారు. వేయించమంటారా?

జవాబు: వద్దండీ, ఆ సూది మాట మరిచిపోండి. ఊళ్లో వాళ్లు చెబుతున్నది ఆవు లెక్క. ఆవు సుమారు 280 రోజులకు ఈనితే ముర్రా గేదెకు సగటున 305 నుంచి 310 రోజులు పడుతుంది, వారం అటూ ఇటూ కావడం కూడా మామూలే. మీ గేదె ఇంకా గడువులోనే ఉంది, టెన్షన్ పడకండి.

పొదుగు చేయడం ఈత దగ్గర పడిందని చెబుతుంది గానీ ఏ రోజో చెప్పదు. తొలిచూలు పడ్డల్లో నెలల ముందే పొదుగు పెరగడం మొదలవుతుంది, మీ గేదెలా ఒకసారి ఈనిన వాటిలో చివరి రెండు మూడు వారాల్లో నిండుతుంది. పాలు దిగాయో లేదో అని పిండి మాత్రం చూడకండి, ఆ జున్నుపాలు దూడ కోసం, పైగా చనుమొన తెరిస్తే పొదుగువాపు రావచ్చు. తీగలు తేటగా, వాసన లేకుండా ఉంటే మంచిదే. చీములా ఉన్నా, కంపు కొడుతున్నా డాక్టరుకు చూపించండి.

నేనైతే ముందు తోక మొదలు చూస్తాను. తోకకు రెండు పక్కలా, పిరుదు ఎముక వైపు దిగే కట్లు (లిగమెంట్లు) మామూలు రోజుల్లో బిగించిన తాడులా చేతికి తగులుతాయి. ఈత దగ్గర పడేకొద్దీ అవి వదులై అక్కడ గుంటలు పడతాయి, తోక ఎత్తితే బరువు లేనట్టు తేలిగ్గా లేస్తుంది. రోజూ ఒకే వేళకు చేయి వేసి చూస్తుంటే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా మీకే తెలుస్తుంది. కట్లు పూర్తిగా మెత్తబడి, చనుకట్లు కూడా నిండి నిగనిగలాడుతుంటే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ఈనుతుంది. థర్మామీటరు ఉంటే ఉదయం సాయంత్రం చూడండి, ఈనే ముందు రోజు వేడి ఒక డిగ్రీ దాకా తగ్గుతుంది. ఇక ఈనే గంటల్లో మేత మానేస్తుంది, మందకు దూరంగా నిలబడుతుంది, పడుకుని లేస్తూ కొంచెం కొంచెం మూత్రం పోస్తుంది.

నేను ఎక్కువగా భయపడేది మెలిక గురించి. గేదెల్లో ఈత కష్టం కావడానికి గర్భసంచి మెలిక పడటం పెద్ద కారణం. గేదె నొప్పులు పడుతున్నట్టే ఉంటుంది, పొట్టను కాలితో తన్నుకుంటుంది, కానీ గంటలు గడిచినా నీటి సంచి కనిపించదు, కాసేపటికి నొప్పులు ఆగిపోయి నెమ్మదించినట్టు ఉంటుంది, కొన్నిసార్లు నిండిన పొదుగు కూడా జారిపోతుంది. "సర్దుకుంది, రేపు ఈనుతుందిలే" అని చాలామంది ఆగేది సరిగ్గా అక్కడే. మెలిక ఉండగా, లేదా గర్భసంచి మూతి తెరుచుకోకుండానే నొప్పుల సూది వేస్తే సంచి చిరిగిపోయి తల్లీ దూడా రెండూ పోవచ్చు, అందుకే మొదటే వద్దన్నాను. తొలి రోజే పిలిస్తే గేదెను పడుకోబెట్టి, పొట్ట మీద పలక ఉంచి దొర్లించి చాలావరకు మెలిక తీయగలం. నొప్పులు మొదలై ఆరేడు గంటలైనా నీటి సంచి రాకపోయినా, సంచి కనిపించాక గంటకీ రెండు ముందు కాళ్లూ, వాటి మీద ఆనించిన మూతీ కనిపించకపోయినా ఎదురు చూడకుండా మీ పశువైద్యుడికో, 1962కో ఫోన్ చేయండి. కాళ్లకు తాడు కట్టి నలుగురూ కలిసి లాగడం వద్దు.

ఇప్పటి నుంచి దాన్ని గట్ల మీద తోలకండి, వేరే గేదెలు పొడవకుండా విడిగా, జారని నేల మీద కట్టండి. వెనక భాగం పల్లంలో ఉండకూడదు, ఉంటే మెయ్య దిగే, అంటే మానం లోపలి భాగం బయటికి జారే ప్రమాదం ఎక్కువ. రాత్రి లైటు వేసి ఉంచండి. ఈ సాయంత్రమే తోక మొదట్లో చేయి వేసి చూసి, కట్లు ఎలా తగిలాయో నాకు రాయండి.