అమెరికాలో పెరిగిన పిల్ల గుంటూరులో ఇమడగలదా?

మీ ప్రశ్న ఇదీ: ఇన్నేళ్ళు టెక్సస్‌లో ఉండి వచ్చే జూన్‌లో గుంటూరు వచ్చేస్తున్నారు. అమ్మాయి అక్కడే పుట్టింది, 13 ఏళ్ళు, ఎనిమిదో గ్రేడ్ పూర్తవుతోంది. తను రానంటే రానని కూర్చుంది. చుట్టాలేమో "పిల్లలే కదా, ఆర్నెల్లలో అలవాటు పడిపోతారు" అంటున్నారు. నిజంగా పడతారా అని అడిగారు.

పడతారు. కాకపోతే ఆర్నెల్లలో కాదు, వాళ్ళంతట వాళ్ళే కూడా కాదు. 2014 జూన్‌లో మేం న్యూజెర్సీ నుంచి గుంటూరు బ్రాడీపేట వచ్చేటప్పటికి నాకు మీ అమ్మాయి వయసే. అక్కకు పదహారు. రాష్ట్రం రెండు ముక్కలైన రోజులవి. ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరూ రాజధాని ఎక్కడొస్తుందో, ఎకరం ఎంతకు పోతుందో మాట్లాడుకునేవాళ్ళు. నేను సోఫాలో ఓ మూల కూర్చుని అర్థమైనట్టు తలూపేవాణ్ణి.

మేమెందుకు వచ్చామో చెప్పాలి. నేను పుట్టింది గుంటూరులోనే, నాలుగేళ్ళప్పుడు వెళ్ళాను. నాన్నది హెచ్-1బీ ఉద్యోగ వీసా, మిగతా ముగ్గురిదీ దాని మీద ఆధారపడి కుటుంబానికిచ్చే హెచ్-4. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా మామూలుగా 7 శాతమే పరిమితి, అందుకే మనవాళ్ళ క్యూ అంత పొడుగు. పిల్లలకు 21 నిండితే తల్లిదండ్రుల వీసా నీడ పోతుంది. అక్కకు ఆ వయసు వచ్చేలోపు కార్డు రాదని తేలిపోయాక నాన్న ఇంక ఆగలేదు. మీ అమ్మాయి అక్కడి పౌరురాలు, ఆ బాధ మీకు లేదు. మిగతావన్నీ ఉంటాయి.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. మీరు సొంతూరికి వస్తున్నారు, తను మాత్రం వలస వస్తోంది. ఈ సంగతి ఇంట్లో అందరూ ఒప్పుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. మా ఇంట్లో చాలాకాలం ఒప్పుకోలేదు. ఏది కష్టంగా ఉందన్నా "మన ఊరే కదరా" అనే జవాబు.

నేను రెండు వలసలూ చూశాను కాబట్టి తేడా చెప్పగలను. అక్కడ కిండర్‌గార్టెన్‌లో చేరినప్పుడు నాకు ఇంగ్లీషు ముక్క రాదు. రోజూ కాసేపు నన్నూ, ఓ కొరియా పిల్లాణ్ణీ, ఇంకొందరినీ వేరే గదికి తీసుకెళ్ళి బొమ్మలు చూపిస్తూ మాటలు నేర్పేవాళ్ళు. అది టీచర్ల మంచితనం మాత్రమే కాదు. భాష రాని పిల్లల్ని ఊరికే క్లాసులో కూర్చోబెట్టి వదిలేస్తే చదువు చెప్పినట్టు కాదని అక్కడి సుప్రీంకోర్టు 1974లోనే చెప్పింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా కుటుంబాల పిల్లల తరఫున వేసిన కేసు అది. గుంటూరు బడిలో నాకు అలాంటి గది లేదు. ఉండాలని ఎవరికీ తట్టలేదు కూడా. మొహం ఇక్కడిదే, ఇంటిపేరు ఇక్కడిదే, తాతయ్య పక్క వీధిలో అందరికీ తెలిసినాయనే. అలాంటి పిల్లాడికి తెలుగు చదవడం రాదంటే వేషాలేస్తున్నాడనుకుంటారు.

"ఇంట్లో తెలుగే మాట్లాడతాం, భాషతో ఇబ్బంది ఉండదు" అని రాశారు. ఉంటుందండీ. అక్కడ పెరిగిన పిల్లలకు వచ్చేది అన్నం తిను, బూట్లు విప్పు, త్వరగా పడుకో, ఆ తెలుగు. అమ్మానాన్నలు తమతో ఎలా మాట్లాడతారో పిల్లలు ఊరందరితోనూ అలాగే మాట్లాడతారు. చేరిన కొత్తలో లెక్కల సార్‌తో నేను "ఇది నువ్వు నిన్న చెప్పలేదు" అన్నాను. క్లాసు మొత్తం గొల్లుమంది. సార్ తిట్టలేదు గానీ, ఆ ఏడాదంతా నన్ను చూడగానే ఎవడో ఒకడు ఆ మాట అనేవాడు. కాబట్టి మీరు, అండి, గారు అనేవి విమానం ఎక్కకముందే అలవాటు చేయండి. రోజూ అమ్మమ్మతోనో నాయనమ్మతోనో వీడియో కాల్ మాట్లాడిస్తే చాలు.

చదవడం మాత్రం నాకు తాతయ్య నేర్పారు, అదీ బస్టాండులో. ట్యూషన్ పెట్టించి గుణింతాలు దిద్దిస్తే నేను రెండో రోజే పుస్తకం మూసేశాను. ఆయన ఏమీ అనకుండా సాయంత్రం నన్ను ఎన్టీఆర్ బస్టాండుకు తీసుకెళ్ళి ప్లాట్‌ఫారం మీద నిలబెట్టారు. వచ్చే ప్రతి బస్సు బోర్డూ చదవాలి. తెనాలి తేలిక, ఒత్తులే లేవు. చీరాలలో దీర్ఘాలు. పొన్నూరుతో న-వత్తు, రేపల్లెతో ల-వత్తు వచ్చేశాయి. బాపట్ల, మాచర్ల దగ్గర మాత్రం కిందున్న ఒత్తు ఒకటే, పైనున్న అక్షరం వేరు, అక్కడ తికమక పడేవాణ్ణి. సత్తెనపల్లి బస్సు కదిలేలోపు తప్పు లేకుండా చదివితే చెరకు రసం. బస్సు కదిలిపోతుందన్న కంగారే నాకు కాపీబుక్కుకన్నా బాగా పనిచేసింది. దసరా సెలవులకల్లా షాపుల బోర్డులు కూడబలుక్కుని చదివేవాణ్ణి, సంక్రాంతికి పేపర్లో సినిమా పేజీ చదివాను. మార్కులు రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది, అది వేరే విషయం.

అందుకే నా సలహా, పరీక్షకు రాసే భాషనూ తెలుగు చదవడాన్నీ ముడిపెట్టకండి. సీబీఎస్‌ఈలో రెండో భాషగా హిందీయో ఫ్రెంచో దొరికితే దొరకనివ్వండి, మార్కుల గోల తప్పుతుంది. తెలుగు చదవడం మాత్రం మానొద్దు. ఊళ్ళో బోర్డు చదవలేకపోతే ప్రతిదానికీ ఎవరో ఒకరి చెయ్యి పట్టుకోవాలి. పదమూడేళ్ళ పిల్లకు అంతకంటే చిరాకు ఇంకోటి ఉండదు.

బడి సంగతి. తొమ్మిదిలో చేర్చగలుగుతున్నారు, మంచి సమయం. సీబీఎస్‌ఈలో తొమ్మిది, పది కలిపి ఒకే కోర్సు, నేరుగా పదిలో చేర్చుకోవడం మామూలుగా కుదరదు. అయితే చాలా బడుల్లో ఏప్రిల్‌లోనే పాఠాలు మొదలైపోతాయి, జూన్‌లో దిగేసరికి కొన్ని అయిపోయి ఉంటాయి, ముందే పుస్తకాలు తెప్పించుకోండి. నోట్సులో ఉన్నట్టే రాయకపోతే మార్కులు కోస్తారు, పీటీ పీరియడ్ లెక్కల సార్ తీసేసుకుంటారు, జవాబు పత్రానికి స్కేలు పెట్టి మార్జిన్ కొట్టాలి. ఇవి వింతగా ఉంటాయి గానీ ఓ టర్ము దాటితే పోతాయి.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా. వచ్చిన వారంలోనే ఎవరో ఒకరు "హాస్టల్లో వేసేయండి, ఫౌండేషన్ కోర్సు ఉంది, దారికొస్తుంది" అంటారు. గుంటూరు, విజయవాడల్లో ఈ సలహా ఇవ్వని చుట్టం ఉండడు. వినకండి. ఊరే కొత్తయిన పిల్లకు ఇల్లు కూడా తీసేస్తే ఇంక మిగిలేదేముంది?

ఆడపిల్ల కాబట్టి మా అక్క సంగతి మీకు ఎక్కువ పనికొస్తుంది. న్యూజెర్సీలో తను సైకిలేసుకుని ఒక్కతే లైబ్రరీకి వెళ్ళొచ్చేది. ఇక్కడ పక్క లైనులో జిరాక్సు తీయించుకోవాలన్నా నన్ను తోడు పంపేవాళ్ళు. తనకన్నా మూడేళ్ళు చిన్నవాణ్ణి నేను! ఎండ, దోమలు, కరెంటు కోత, మార్చిలో మిర్చి యార్డు వైపు వెళితే ముక్కు మండించే ఘాటు, వీటి గురించి అక్క ఒక్కసారి కూడా ఏడవలేదు. ఆ జిరాక్సు గురించే ఏడ్చింది. చివరికి అమ్మ స్కూటీ నేర్పించి, లైసెన్సు రాగానే తాళాలు ఇచ్చాక ఇంట్లో గొడవలు సగానికి తగ్గాయి. మీ అమ్మాయికి స్కూటీ వయసు రాలేదు. ఏయే చోట్లకు ఒంటరిగా వెళ్ళొచ్చో వచ్చిన వారంలోనే తేల్చి చెప్పండి, ఆ జాబితా నెలనెలా పెంచండి. బ్రాడీపేటలాంటి చోట ఇల్లు తీసుకుంటే దారి తప్పడం కూడా కష్టం. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటూ అంతా అంకెల్లోనే ఉంటుంది. నంబరు వీధులు అలవాటైన నాకు ఊళ్ళో మొదట సొంతమనిపించింది అదే.

అక్కకు ఇంకో దెబ్బ తగిలింది. ఇంజినీరింగ్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్ళవి. లోకల్ కావాలంటే ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు ఇక్కడ చదివి ఉండాలి. తొమ్మిదిలో చేరిన నాకు లెక్క సరిపోయింది, నేరుగా పదకొండులో చేరిన అక్కకు సరిపోలేదు. గుంటూరు ఆస్పత్రిలో పుట్టిన పిల్ల గుంటూరులో నాన్-లోకల్. ప్రైవేటు యూనివర్సిటీలో చదివి ఇప్పుడు బెంగళూరులో ఉంటోంది, బాగానే ఉంది. కానీ ఆ మాట ఎత్తితే ఇప్పటికీ మొహం మారిపోతుంది.

మీ అమ్మాయికి ఈ లెక్క వేరు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళకు ఇచ్చేది) కాబట్టి. 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం నీట్, జేఈఈ లాంటి వాటిలో ఓసీఐ వాళ్ళు ఎన్నారైలతో సమానం, కేవలం భారత పౌరులకు ఉంచిన సీట్లకు అర్హులు కారు. ఆ తేదీకి ముందే కార్డు తీసుకున్నవాళ్ళకు పాత హక్కులే ఉంటాయని 2023లో మన సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కార్డు మీద తేదీ చూడండి. ఇక్కడ మెడిసిన్ ఆలోచన ఉంటే దాన్నిబట్టి ఖర్చు ఎక్కడికో పోతుంది.

అక్కడి స్నేహితుల్ని మానిపించకండి. "ఫోన్ తీసేస్తే ఇక్కడివాళ్ళతో కలుస్తుంది" అంటారు, కలవరు, ముడుచుకుపోతారు. వేసవిలో ఇక్కడ ఉదయం ఏడున్నర అంటే టెక్సస్‌లో ముందురోజు రాత్రి తొమ్మిది. బడి రోజుల్లో కుదరదు, ఆదివారం పొద్దున మాత్రం వదిలేయండి. నాకు ఆ కాల్స్ ఏడాదిన్నరకు వాటంతటవే పలచబడ్డాయి. అప్పటికి సాయంత్రాలు బజ్జీల బండి దగ్గర నిలబడటానికి ఇక్కడ నలుగురు దొరికారు.

చుట్టాలకు ముందే చెప్పి ఉంచండి: "ఏదీ, ఇంగ్లీషులో మాట్లాడు" అని అడగొద్దని, "ఇండియా బాగుందా, అమెరికా బాగుందా" అని అసలే అడగొద్దని. ఏ జవాబు చెప్పినా ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. పిల్లకు అది తెలిసిపోతుంది, అప్పటినుంచి చుట్టాలు వస్తే గదిలోంచి బయటికి రాదు.

ఇక "రెండేళ్ళు చూద్దాం, నచ్చకపోతే వెళ్ళిపోదాం" అని ఇప్పుడు రాజీ కోసం అనకండి. వెళ్ళే ఉద్దేశం లేకపోతే లేదనే చెప్పండి. మాకు వెనక్కి దారి లేదు కాబట్టి ఆశ కూడా లేదు, అదొక రకంగా తేలికే. తనకు ఉంది. పద్దెనిమిది నిండాక డిగ్రీకి వీసా లేకుండా తనంతట తను వెళ్ళొచ్చు, పౌరురాలిగా అక్కడి ప్రభుత్వ ఆర్థిక సహాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాకపోతే మీరు టెక్సస్ వదిలేశాక అక్కడి యూనివర్సిటీల్లో ఇన్-స్టేట్ ఫీజు, అంటే ఆ రాష్ట్రంవాళ్ళకుండే తక్కువ ఫీజు, దొరకడం కష్టం. ఆ లెక్కలన్నీ తనతో కూర్చుని కాగితం మీద వేయండి. ఆ దారి తెరిచి ఉంచడానికి చేయాల్సింది పాస్‌పోర్టు చూసుకోవడం. పదహారులోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్ళకే. గడువు దగ్గరపడి ఉంటే బయల్దేరకముందే అక్కడ చేయించుకోండి, ఇక్కడికి వచ్చాక హైదరాబాద్ కాన్సులేట్‌కు వెళ్ళాలి. కొత్తది వచ్చిన ప్రతిసారీ దాని కాపీ, ఫొటో ఓసీఐ వెబ్‌సైట్‌లో ఎక్కించడం మర్చిపోకండి.