90/10 నిబంధన పాటించే కాలేజీ మంచిదేనా?
అమెరికాలోని ఒక లాభాపేక్ష కాలేజీ తాను 90/10 నిబంధనకు లోబడి ఉన్నానని చెబుతోందనీ, దాన్ని ప్రభుత్వం వేసిన నాణ్యతా ముద్రగా భావించి మీ అమ్మాయిని చేర్పించవచ్చా అనీ అడిగారు. అలా భావించకండి. ఆ నిబంధన చూసేది ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందన్నదే తప్ప చదువు ఎలా ఉందన్నది కాదు.

1992లో 85/15గా మొదలై 1998లో 90/10గా సడలిన ఈ లెక్క ప్రకారం, అటువంటి కాలేజీ ఆదాయంలో కనీసం 10 శాతం ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) సహాయం కాని సొమ్ము అయి ఉండాలి. మాజీ సైనికుల చదువుకిచ్చే జీఐ బిల్ డబ్బు, అదీ ప్రభుత్వానిదే అయినా, చాలాకాలం విచిత్రంగా ఆ 10 శాతంలోకే చేరేది. అందుకే కొన్ని సంస్థలు వారి వెంటపడ్డాయి. 2021లో చట్టం ఆ సందును మూసింది; 2023 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ మొదలైన ఆర్థిక సంవత్సరాలకు కొత్త లెక్క వర్తిస్తుంది.

వరుసగా రెండేళ్లు నిబంధన తప్పిన కాలేజీ కనీసం రెండేళ్లపాటు ఫెడరల్ విద్యా సహాయానికి అర్హత కోల్పోతుంది. అప్పటికే అప్పు చేసి సగం చదివిన విద్యార్థి చిక్కుల్లో పడతాడు.

కాబట్టి ఫెడరల్ విద్యాశాఖ నడిపే కాలేజ్ స్కోర్‌కార్డ్‌లో ఆ కాలేజీ పేరు వెతికి, చదువు పూర్తిచేసేవారి శాతం, వారి సంపాదన, నెత్తిన మిగిలే అప్పు చూసి నిర్ణయించుకోండి.