రామకోటి రాస్తున్నా మనసు నిలవడం లేదు

ప్రశ్న: మావారు పోయి ఏడు నెలలైంది. మనసు కుదుటపడుతుందని రామకోటి మొదలుపెట్టాను, రోజుకు వెయ్యి నామాలు. చెయ్యి రాస్తూ పోతోంది, మనసు ఎక్కడో ఉంటోంది. ఒక్కోసారి రాముడి మీదే కోపం వస్తోంది. రెండు రోజులు మానేస్తే భయం. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ముందు లెక్క చూడండి. రోజుకు వెయ్యి చొప్పున కోటికి పదివేల రోజులు, అంటే 27 ఏళ్ల పైమాటే. అంత అంకె ముందు పెట్టుకుంటే ఏ రోజుకారోజు బాకీలాగే ఉంటుంది. సంకల్పం లక్షకు మార్చుకోండి. రోజుకు 108 రాస్తే రెండున్నరేళ్లు పడుతుంది. పేజీకి పాతిక గీతలు, గీతకు నాలుగు నామాలైతే 200 పేజీల నోటుపుస్తకాలు ఐదు చాలు.

మనసు జారడానికి మొదటి కారణం వేగం. గంటలో వెయ్యి ముగించాలంటే నామానికి మూడున్నర సెకన్లే దొరుకుతాయి. చెయ్యి పరుగెడుతుంటే నాలుక ఆగిపోతుంది, నాలుక ఆగితే మనసుకు పట్టు ఉండదు. కొందరు పేజీ పొడవునా ముందు 'శ్రీ'లు రాసి, తర్వాత పక్కన 'రామ' చేరుస్తారు. అలా మాత్రం వద్దు. రాసేది మీ చెవికి వినపడేలా పలుకుతూ, ఒక నామం పూర్తయ్యాకే రెండోది మొదలుపెట్టండి. 108కి పది, పన్నెండు నిమిషాలు పట్టనివ్వండి. టీవీ ఆపేయండి. భోజనం కాగానే కూర్చుంటే కునుకు వస్తుంది, స్నానం చేసిన వెంటనే మేలు. మధ్యలో ఆయన గుర్తొచ్చి కన్నీళ్లొస్తే కలం పక్కన పెట్టి ఏడవండి. తర్వాత అక్కడి నుంచే రాయండి.

కోపం సంగతి. అది అపచారమని భయపడకండి. గోల్కొండ చెరసాలలో రామదాసు రాముణ్ని నిలదీశాడు. సీతమ్మకు చేయించిన చింతాకు పతకానికి పదివేల మొహరీలు పట్టాయని లెక్క అప్పజెప్పాడు. చివరికి, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, నొచ్చుకోవద్దని తనే బతిమాలుకున్నాడు. పరాయివాణ్ని ఎవరూ అలా అడగరు కదా! మీరూ అడగండి. రాత పూర్తయ్యాక ఐదు నిమిషాలు దీపం ముందు కూర్చుని, ఆ రోజు మిమ్మల్ని నొప్పించినదేదో పైకే చెప్పండి. శరణాగతికి పెద్దలు చెప్పిన ఆరు అంగాల్లో 'కార్పణ్యం' ఒకటి. నా వల్ల కావడం లేదు అని ఒప్పుకోవడమే అది. మీరు ఇప్పటికే ఆ మాట దగ్గరికి వచ్చారని నా నమ్మకం.

మానేసిన రోజులకు దోషం లేదు. మర్నాడు రెట్టింపు రాసి తీర్చాలని చూడకండి, మళ్లీ వేగమే వస్తుంది. మైల రోజుల్లో పుస్తకం ముట్టుకోకూడదని మీ ఇంటి ఆచారమైతే నోటితో స్మరించండి. నామస్మరణకు వేళాపాళా నియమం లేదు. మణికట్టు నొప్పి పుడితే ఆ పూట 108 పూసల మాల తిప్పండి. మాల కొసన ఉండే పెద్దపూస, అంటే మేరుపూస, దాటకుండా వెనక్కి తిరగాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, బతకాలని లేదన్న ఊహ ఒక్కసారి వచ్చినా వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పి డాక్టరును కలవండి. మందు వేసుకుంటే భక్తి తక్కువైనట్టు కాదు.

నిండిన పుస్తకాలను పాతకాగితాల్లో కలపకండి. కొన్ని రామాలయాల్లో రామకోటి స్తూపాలున్నాయి. దగ్గర్లోని గుడిలో తీసుకుంటారో లేదో ముందే అర్చకులను అడిగి ఉంచుకోండి.