జన్యువులో మార్పు కనిపిస్తే జబ్బు వచ్చినట్టేనా?

ప్రశ్న: మా అమ్మగారికి 44వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నా వయసు 36. ముందుజాగ్రత్తగా పరీక్షలు చేయించుకుంటే, బీఆర్‌సీఏ2 జన్యువులో ‘ప్రాధాన్యం తేలని మార్పు’ ఉందనీ, ఏఎన్ఏ 1:80 దగ్గర పాజిటివ్ అనీ, సీఏ 125 విలువ 41 అనీ రిపోర్టు ఇచ్చారు. నాకు ఏ బాధా లేదు. క్యాన్సర్, లూపస్ రెండూ రాబోతున్నాయా? రొమ్ములు, అండాశయాలు ముందే తీయించుకోవడం మంచిదా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఈ రిపోర్టును చూసి శస్త్రచికిత్సకు సిద్ధపడవద్దు. అలాగని మీ ఆందోళన అకారణమనీ అనను. అయితే దానికి అసలు కారణం రిపోర్టులో లేదు, మీ ఉత్తరంలోని మొదటి వాక్యంలో ఉంది.

బీఆర్‌సీఏ1 జన్యువును 1994లో, బీఆర్‌సీఏ2ను 1995లో గుర్తించారు. దెబ్బతిన్న డీఎన్ఏను సరిచేయడంలో ఇవి పాలుపంచుకుంటాయి కనుక, ఆ పని చెడగొట్టే మార్పు వీటిలో ఉన్న స్త్రీలలో పదిమందికి దాదాపు ఏడుగురికి 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంటుంది. మీలో కనిపించినది అటువంటి మార్పు అని ఎవరూ నిర్ధారించలేదు. జన్యువులో ఒక అక్షరం తేడాగా ఉన్నదని తెలిసింది గానీ, దానివల్ల హాని ఉందో లేదో చెప్పడానికి ఆధారాలు చాలలేదు. ఇటువంటి మార్పుల్లో ఎక్కువ భాగం తరువాతి కాలంలో హానిలేనివిగానే తేలుతున్నాయి. అందుకే వీటిని బట్టి చికిత్స నిర్ణయించరు.

మిగిలిన రెండూ జన్యువుకు సంబంధించినవి కావు. జన్యువులోని మార్పు పుట్టుకతో వచ్చి చివరిదాకా ఉండేది కాగా, రక్తంలోని బయోమార్కర్ (జబ్బుకు సూచనగా కొలిచే పదార్థం) ఆనాటి శరీరస్థితిని మాత్రమే సూచిస్తుంది. అండాశయ క్యాన్సర్‌లో పెరిగే ప్రోటీన్ అయిన సీఏ 125కు సాధారణంగా 35ను హద్దుగా తీసుకుంటారు. నెలసరి సమయంలోనూ, గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు ఉన్నా, గర్భాశయపు లోపొర వంటి కణజాలం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ ఉన్నా అది ఆ హద్దు దాటవచ్చు. ఇక ఏఎన్ఏ అంటే సొంత కణాల కేంద్రకాలపైనే పనిచేసే యాంటీబాడీల పరీక్ష. 1:80 దగ్గర (రక్తాన్ని 80 రెట్లు పలుచన చేసినా) అది ఆరోగ్యవంతులలోనూ వందకు సుమారు 13 మందిలో పాజిటివ్‌గా కనిపిస్తుంది. కీళ్ల నొప్పులు, ముఖంపై దద్దుర్లు, మూత్రంలో ప్రోటీన్ వంటివేవీ లేనప్పుడు దాన్ని లూపస్ అనలేము. (లక్షణాలు లేనివారికి ఈ పరీక్ష అసలెందుకు రాస్తారో నాకు అర్థం కాదు.) లూపస్ వంటి ఆటోఇమ్యూన్ జబ్బుల్లో, అంటే రోగనిరోధక శక్తి సొంత శరీరంపైనే దాడి చేసే జబ్బుల్లో, జన్యువు పాత్ర బీఆర్‌సీఏలో ఉన్నంత నిశ్చయమైనది కాదు. వెన్నెముకను బిగదీసే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌తో హెచ్‌ఎల్ఏ-బీ27 అనే జన్యురూపానికి ఉన్న గట్టి సంబంధం 1973లోనే బయటపడినా, అది ఉన్నవారిలో నూటికి తొంభైమందికి పైగా ఆ జబ్బు రానేరాదు.

ఇప్పుడు మీ అమ్మగారి విషయం. తల్లికి చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు, కూతురికి ఆ వయసుకు పదేళ్ల ముందు నుంచే పరీక్షలు మొదలుపెట్టడం చాలాచోట్ల పాటించే పద్ధతి. ఆ లెక్కన మీరు ఇప్పటికే రెండేళ్లు ఆలస్యం చేశారు. మామోగ్రామ్, అవసరమైతే ఎంఆర్ఐ గురించి ఈ నెలలోనే వైద్యులతో మాట్లాడండి. వీలుంటే అమ్మగారికి జన్యు పరీక్ష చేయించండి. ఆమెలో హానికరమైన మార్పు బయటపడి, అది మీలో లేదని తేలితే మీ ముప్పు ఇతర స్త్రీల ముప్పుకు దగ్గరగా వస్తుంది. జన్యు పరీక్షలపై సలహా ఇచ్చే కౌన్సెలర్‌తో మాట్లాడేటప్పుడు నాన్నగారి తరఫు బంధువుల జబ్బులు కూడా చెప్పండి. బీఆర్‌సీఏ మార్పులు తండ్రి నుంచీ అంతే సులువుగా వస్తాయి, చాలామంది ఆ వైపు అడగరు కూడా.