ఆ చివరి అంకె చూసి అడ్వాన్స్ కట్టకు

చిరంజీవి కిరణ్‌కు,

నీ 1978 సెస్నా 172 చిన్న విమానానికి కొత్త ఏవియానిక్స్, అంటే కాక్‌పిట్‌లోని ఎలక్ట్రానిక్ పరికరాలు, వేయించడానికి మూడు షాపులు కొటేషన్లు ఇచ్చాయనీ, ఒకరు ఏకంగా ఎనిమిది వేల డాలర్లు తక్కువ చెప్పారనీ రాశావు. అక్కడే అడ్వాన్స్ కట్టేయనా అని అడిగావు. ఒక్క వారం ఆగు నాన్నా.

నేనూ అలా తక్కువ చెప్పిన షాపుకే ఇచ్చాను. పాత గుండ్రటి మీటర్ల స్థానంలో పెట్టే రెండు గార్మిన్ జీ5 డిస్‌ప్లేలకు ధర రాశారు. పని సగంలో ఉండగా ఫోన్ చేశారు. కింది జీ5ని హెచ్‌ఎస్‌ఐగా, అంటే దిక్కూ దారీ చూపే మీటరుగా, వాడాలంటే దిక్కు పసిగట్టే మ్యాగ్నెటోమీటర్ కావాలట, జీపీఎస్‌తో కలపాలంటే జీఏడీ 29బీ అడాప్టర్ కావాలట, ఆ రెండూ కొటేషన్‌లో లేవట. తర్వాత యాంటెన్నా అన్నారు. ఆ తర్వాత పాత వైర్లు తీసిన కూలీ. వెళ్లి చూస్తే ప్యానెల్ విప్పేసి ఉంది. ఎప్పుడో మూలపడిన ఏడీఎఫ్ (పాతకాలపు దారి చూపే రేడియో) తాలూకు వైర్లు, కోసిన చివర్లకు చుట్టిన టేపు జిగురు కారుతూ, ఒక బకెట్ నిండా ఉన్నాయి. అన్నీ కలిసి తడిసి మోపెడై, ఎక్కువ చెప్పిన షాపు ధర కూడా దాటిపోయింది. విమానం నాలుగు నెలలు కదల్లేదు.

అందుకే ముగ్గురికీ ఒకే జాబితా పంపు. పరికరాల ధర విడిగా, లేబర్ గంటలు విడిగా రాసివ్వమను. పాత వైరింగ్ తీయడం, పాత గైరో మీటర్లను తిప్పే వ్యాక్యూమ్ పంపు తొలగించడం, మార్పులను నమోదు చేసే ప్రభుత్వ ఫారం 337, వెయిట్ అండ్ బ్యాలెన్స్ (విమానం బరువు లెక్క) సవరణ, చివర్లో పిటో-స్టాటిక్ (వేగం, ఎత్తు కొలిచే గాలి గొట్టాలు), ట్రాన్స్‌పాండర్ (విమానం ఎక్కడుందో కంట్రోలర్లకు తెలిపే పరికరం) పరీక్షలు లెక్కలో ఉన్నాయో లేవో ఒక్కొక్కటీ అడుగు.

ఇక అసలు డబ్బు మిగిలే చోటు. ముగ్గురూ నీకు జీటీఎన్ 650ఎక్స్‌ఐ రాశారు, జీపీఎస్, రేడియో రెండూ కలిసినది. మంచి పరికరమే, కాదనను. కానీ మాట్లాడటానికీ దారి చూడటానికీ వాడే నీ పాత నావ్-కామ్ రేడియో శుభ్రంగా పనిచేస్తోంది కదా! ఒక్క జీపీఎస్ మాత్రమే ఉండే జీపీఎస్ 175 వేసుకున్నా ఎల్‌పీవీ అప్రోచ్‌లు (జీపీఎస్ ఆధారంగా రన్‌వే వైపు దిగడం) చేయొచ్చు, ధరలో చాలా తేడా ఉంది. నేల మీది సిగ్నళ్లతో దారి చూపే వీఓఆర్, ఐఎల్‌ఎస్‌లకు పాత రేడియో ఉండనే ఉంటుంది. ట్రాన్స్‌పాండర్ కూడా అంతే. 2020 జనవరి 1 నుంచి డాలస్ చుట్టుపక్కల ఎగరాలంటే ఏడీఎస్-బీ అవుట్, అంటే మన స్థానాన్ని ఎప్పటికప్పుడు ప్రసారం చేయడం, తప్పనిసరి. దానికి జీటీఎక్స్ 335 ట్రాన్స్‌పాండర్ చాలు. వాతావరణం, ట్రాఫిక్ ఐప్యాడ్‌లో కనిపించడానికి చిన్న పోర్టబుల్ రిసీవర్ కొనుక్కో, వాటిని తనే అందుకునే జీటీఎక్స్ 345 దాకా వెళ్లక్కర్లేదు.

జీ5ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. రేపు జీఎఫ్‌సీ 500 ఆటోపైలట్ వేయించుకోవాలనిపిస్తే అది జీ5తో కలిసి పనిచేస్తుంది. ప్యానెల్ ఎలాగూ విప్పుతారు, దానికి కావాల్సిన వైర్లు ఇప్పుడే లాగి ఉంచితే ఎంతవుతుందో అడుగు. రెండోసారి విప్పితే ఆ కూలీ మళ్లీ నీ నెత్తినే పడుతుంది.

జీపీఎస్ డేటాబేస్ సబ్‌స్క్రిప్షన్ ఏటా కట్టాల్సిందే, అదీ లెక్కలో వేసుకో. ఇన్సూరెన్స్ వాళ్లకు కొత్త విలువ చెప్పడం మరచిపోకు.

కొత్త కొటేషన్లు రాగానే మూడూ నాకు పంపు. ఆదివారం పొద్దున్నే వస్తాను, పక్కపక్కన పెట్టుకుని ఇద్దరం లైను లైను చూద్దాం.

ఆశీస్సులతో,
బాబాయి